మెదడు చిత్రాలకు కంప్యూటర్ తనిఖీ

ఎంఆర్ఐ స్కానర్ మెదడు చిత్రాన్ని ఒక్క క్షణంలో తీయదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో పడుకున్న మనిషి తలలోని హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందించి వెలువరించే సంకేతాలను అది కొన్ని నిమిషాలపాటు విడతలవారీగా నమోదు చేసి, ఫూరియే పరివర్తన అనే గణిత ప్రక్రియతో చిత్రంగా మలుస్తుంది. కెమెరా ముందు చెయ్యి కదిపితే ఫోటోలో ఆ చెయ్యి మాత్రమే మసకబారుతుంది. స్కానర్‌లోనైతే ప్రతి విడత సంకేతంలోనూ తల మొత్తానికి చెందిన సమాచారం కలిసి ఉంటుంది కాబట్టి, తల కొద్దిగా కదిలినా ఆ దోషం చిత్రమంతటా వ్యాపించి అలలుగా, నీడలుగా తేలుతుంది.

ఒక రోగి చిత్రం చెడిపోతే ఆసుపత్రిలో గుర్తించి మళ్లీ తీయిస్తారు గాని, వేలమంది చిత్రాలు పోగుచేసి సగటులు లెక్కగట్టే పరిశోధనల్లో ఆ వెసులుబాటు తక్కువ. పైగా అక్కడ కంటికి ఆనని కదలికే ఎక్కువ హాని చేస్తుంది. స్వచ్ఛందంగా వచ్చినవారి చేత స్కానర్‌లో కావాలనే తల కదిలించి మార్టిన్ రాయిటర్ బృందం జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనం, కదలిక వల్ల మెదడులోని బూడిద పదార్థం పరిమాణమూ, పైపొర అయిన వల్కలం మందమూ ఉన్నదానికంటే తక్కువగా లెక్కకు వస్తాయని చూపింది. పిల్లలు, వృద్ధులు, నాడీ వ్యాధులున్నవారు సాధారణంగా ఎక్కువ కదులుతారు కనుక, వ్యాధి లక్షణంగా తేలిన తేడాలో కొంత నిజానికి కదలిక చేసిన పని కావచ్చు.

అన్నింటినీ నిపుణులే చూడవచ్చు కదా అంటే, బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ లక్షమంది స్కాన్లు లక్ష్యంగా పెట్టుకున్న సంస్థ. ఒక్కో చిత్రానికి మూడు నిమిషాలు కేటాయించినా 5,000 గంటలు కావాలి. అంతసేపు చూసే కన్ను అలసిపోతుంది, ఒకే చిత్రంపై ఇద్దరు నిపుణుల తీర్పులు కలవకపోవడమూ మామూలే.

ఈ చిక్కుకు 2009లో మోర్టమే బృందం సూచించిన మార్గం ఎంతో తెలివైనది. వారు మెదడును వదిలి, చిత్రంలో తల చుట్టూ ఉన్న గాలిని పరిశీలించారు. గాలి నుంచి చెప్పుకోదగ్గ సంకేతం రాదు కనుక అక్కడ క్రమం లేని సన్నని రొద మాత్రమే ఉండాలి. దానికి బదులు పుర్రె అంచును పోలిన లేత నీడ వరుసలుగా కనిపిస్తే, మెదడు భాగం ఎంత శుభ్రంగా ఉన్నా స్కాన్ జరుగుతుండగా ఏదో కదిలిందని అర్థం. ఆ నీడలు ఆక్రమించిన చోటెంతో కంప్యూటర్ లెక్కించగలదు, అలసట లేకుండా ప్రతి చిత్రానికీ ఒకే కొలతను వర్తింపజేయగలదు.

ఇలాంటి కొలతలనే పోగుచేసి స్టాన్‌ఫర్డ్‌లో ఆస్కార్ ఎస్తెబాన్, ఆయన సహచరులు నిర్మించి 2017లో ప్రకటించిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంఆర్ఐక్యూసీ. రొదతో పోలిస్తే సంకేతం ఎంత బలంగా ఉంది, బూడిద, తెల్ల పదార్థాల ఛాయలు ఎంత స్పష్టంగా విడివడ్డాయి వంటి 64 కొలతలను తీసి, చిత్రం పనికొస్తుందా లేదా అని తేల్చడం దాని ఉద్దేశం. ఆటిజం పరిశోధన కోసం 17 కేంద్రాల్లో తీసిన 1,102 చిత్రాలను, వాటిపై నిపుణులిచ్చిన తీర్పులను దానికి పాఠంగా చూపారు. పాఠంలో లేని కొత్త కేంద్రాల చిత్రాలిచ్చినప్పుడు దాని తీర్పు సుమారు 76 శాతం మేరకే సరిపోయింది. స్కానర్ తయారీ, దాని అమరికలు మారితే చిత్రం ఛాయలూ, రొదా మారుతాయి గనుక ఒక కేంద్రంలో మంచికి గుర్తైన అంకె మరొక చోట అలా ఉండదు. ఈ పరిమితిని ఆ పరిశోధకులు తమ వ్యాసం సారాంశంలోనే రాశారు. ఆ నిజాయితీ సాఫ్ట్‌వేర్ అంత విలువైనది. ప్రతి స్కాన్‌కూ అది ఇచ్చే కొలతలూ, రొద బయటపడేలా గాలి భాగాన్ని ప్రకాశవంతం చేసి చూపే సచిత్ర నివేదికా మనిషి తనిఖీని ఎంతో సులభం చేస్తాయి. దాని అసలు ప్రయోజనం అక్కడే ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. స్కాన్‌లో పాల్గొన్నవారిని ఎవరూ గుర్తుపట్టకుండా, చిత్రాలను బహిరంగపరచే ముందు ముఖ భాగాన్ని చెరిపేస్తారు. అది తప్పనిసరి జాగ్రత్తే గాని, దానితోపాటు ముఖం ముందరి గాలిలోని నీడలూ చెరిగిపోతాయి. అందుకే తనిఖీ అంతకుముందే జరగాలి.

చెడిన చిత్రాలను పట్టుకోవడం ఇలా సులభమైన కొద్దీ వాటిని తీసివేయడంలో ఉన్న ప్రమాదం కూడా పెరుగుతుంది. ఎక్కువగా కదిలేవారు చాలాసార్లు చిన్నపిల్లలు లేదా జబ్బు తీవ్రంగా ఉన్నవారే. వారి చిత్రాలన్నీ తొలగిస్తే మిగిలేది కదలకుండా పడుకోగలిగినవారి మెదళ్ల గురించిన శాస్త్రమే అవుతుంది. కనుక మెదడు చిత్రాలపై ఆధారపడిన ఏ ఫలితాన్ని చదివినా ఎందరి చిత్రాలు తొలగించారో, ఏ కొలత ప్రకారం తొలగించారో, అలా తొలగిపోయినవారు ఎవరో పాఠకులు తప్పక వెతికి చూడాలి.