కదిలితే మాయం! పారిస్ శిథిలాల ఫొటో విశేషాలు

వీధి పోరు ఫొటోలు పత్రికకు ఎప్పుడెక్కాయో మీకు తెలుసా? 1848లోనే! ఆ జూన్ 25న పారిస్‌లో తిబో అనే ఆయన ఒక వీధిని ఫొటో తీశాడు. తిరుగుబాటుదారులు పేర్చిన రాళ్ల అడ్డుకట్టలు తప్ప నరమానవుడు లేడు. మర్నాడు అదే వీధిని మళ్లీ తీశాడు: అడ్డుకట్టలు కూలాయి, సైన్యం దిగింది. ఒక పత్రిక రెంటినీ వేసింది. కాకపోతే అప్పటి ప్రెస్సుకు ఫొటో అచ్చేయడం రాదు. చూసి చెక్క మీద చెక్కించి వేశారు!

1871 మే చివరి వారంలో పారిస్ తగలబడింది. తిరుగుబాటు చేసి 72 రోజులు నగరాన్ని ఏలిన కమ్యూన్ ప్రభుత్వాన్ని సైన్యం అణచేసిన వారమది. అప్పట్లో ఫొటో తీయడమెలాగో తెలుసా? గాజు పలకకు మందు పూయాలి, తడి ఆరకముందే తీయాలి, అక్కడికక్కడే చీకట్లో కడగాలి. అంతా పావుగంటలో! పలక మీద వెలుగు పడే ఆ కాసేపట్లో కదిలిన మనిషి ఫొటోలో మసకబారతాడు, లేదా మాయం. అందుకే కూలిన గోడ దొరికితే ఫొటోగ్రాఫర్లకు పండగ. అది కళ్లార్పదు మరి!

వాందోమ్ స్తంభం సంగతి తెలుసా? 44 మీటర్ల ఎత్తు, నెపోలియన్ గెలిచి తెచ్చిన ఫిరంగుల కంచు తొడుగు, కొసన ఆయన విగ్రహమే. మే 16న కమ్యూన్ దాన్ని పడగొట్టింది. నేల అదరకుండా కింద పరిచిందేమిటో ఊహించండి... పేడ! చక్రవర్తి వెల్లకిలా పడ్డాడు. జనం చుట్టూ చేరి ఠీవిగా ఫోజులిచ్చారు. తీసినవాళ్లలో బ్రూనో బ్రాకె ఒకడు. ఆయనకు చెవులు వినపడవు. తర్వాత పోలీసులు ఆ ఫొటోలు పట్టుకుని మనుషుల్ని వెతికారు. ఫోజే సాక్ష్యం!

మరి స్తంభాన్ని మళ్లీ నిలబెట్టే ఖర్చు ఎవరి నెత్తిన పడిందో తెలుసా? చిత్రకారుడు కూర్బె మీద. 3,23,091 ఫ్రాంకులు! ఏడాదికి 10 వేల చొప్పున దాదాపు 33 ఏళ్లు కట్టాలి. మొదటి కిస్తీ 1878 జనవరి 1న. ఆయన 1877 డిసెంబర్ 31నే కన్నుమూశాడు. ఒక్క కిస్తీ కూడా కట్టలేదు!

దొంగ ఫొటోలు ఈ కాలపు విద్య అనుకుంటున్నారా? అపేర్ అనే ఫొటోగ్రాఫర్ నటుల్ని నిలబెట్టి కమ్యూన్ 'నేరాల' దృశ్యాలు తీశాడు, వాటి మీద అసలు మనుషుల తలలు అంటించాడు. కత్తెరా, జిగురూ చాలు!

శిథిలాలకు గైడు పుస్తకం ఉండేదని తెలుసా? అదే 1871లో అచ్చయింది. థామస్ కుక్ కంపెనీ ఇంగ్లండు నుంచి యాత్రికుల్నీ దింపింది. బూడిదకూ సీజనే!

ఇంకొక్కటి. మంటల్లో పోయిన త్యూలరీ రాజప్రాసాదం మొండిగోడలు 1883 దాకా అలాగే నిలిచాయి. ఆ రాళ్లలో కొన్నిటిని కొన్నదెవరో తెలుసా? నెపోలియన్‌కు బద్ధశత్రువైన పొజ్జో ది బోర్గో వంశంవాళ్లు! నెపోలియన్ పుట్టిన కోర్సికా దీవికే మోయించి, కొండ మీద కోట కట్టుకున్నారు. 1978లో దానికీ నిప్పంటుకుంది!