పట్టికను యంత్రం చదివితే

హైదరాబాద్‌లో గోపన్‌పల్లి నుంచి నానక్‌రామ్‌గూడ దాకా, సర్వర్లను కనిపెట్టుకుని ఉండే ఏ సపోర్ట్ టీమును అడిగినా ఒక చిన్న షెల్ స్క్రిప్టు చూపిస్తుంది. డిస్కు 90 శాతం నిండితే మెయిల్ పంపడం దాని పని. రాసినవాళ్లు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటారు. స్క్రిప్టు మాత్రం, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పడి నడుస్తూనే ఉంటుంది.

అందులో ఉండేది నాలుగైదు వరుసలే. డీఎఫ్ కమాండ్ డిస్కుల పట్టిక ఇస్తుంది. ఆక్ అందులోంచి ఐదో గడిని తీస్తుంది, సెడ్ శాతం గుర్తును చెరిపేస్తుంది, మిగిలిన అంకెను షెల్ 90తో పోల్చుతుంది. ఒకదాని ఔట్‌పుట్‌ను మరొకదానికి అందించేది మధ్యలో ఉండే నిలువు గీత, పైప్.

ఈ ఆలోచన డగ్ మెకిల్‌రాయ్‌ది. తోటకు నీళ్లు పెట్టే గొట్టాలను బిగించినట్టు ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించగలగాలని 1964లోనే బెల్ ల్యాబ్స్‌లో ఒక నోట్ రాశాడు. ఏళ్ల తరబడి పోరాక, 1973లో కెన్ థాంప్సన్ ఒక్క రాత్రిలో దాన్ని యూనిక్స్‌లో పెట్టేశాడు. పాఠంలో మాటలు వెతికే గ్రెప్ రాసిందీ ఆయనే. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్‌ల ఆక్ వచ్చింది. 1979లో బోర్న్ షెల్.

1986లో ఒక వ్యాసంలో డొనాల్డ్ కనూత్, పాఠంలో ఎక్కువసార్లు వచ్చే పదాలను లెక్కించే ప్రోగ్రామును పేజీల కొద్దీ వివరంగా రాశాడు. దాన్ని సమీక్షించిన మెకిల్‌రాయ్ అదే పనిని ఆరు కమాండ్ల పైప్‌లైన్‌తో ముగించాడు. పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. కనూత్‌ను అడిగింది ప్రోగ్రాం రాసే పద్ధతిని చూపించమని. అయినా నేటికీ అందరికీ గుర్తున్నది ఆ ఆరు వరుసలే.

చిక్కు ఎక్కడంటే, పైప్‌లోకి పోయే డీఎఫ్ లాంటి కమాండ్ల పట్టికలు మనిషి కంటి కోసం తయారైనవి. డిస్కు పేరు మరీ పొడవైతే పాత లినక్స్‌లలో డీఎఫ్ అంకెలను కింది వరుసలోకి తోసేది. పొడవాటి పేర్లు పుట్టించే ఎల్‌వీఎం డిస్కు పద్ధతిని వాడే సర్వర్లలో ఇది మామూలే. చూసేవాళ్లకు ఇబ్బంది లేదు. ఆక్‌కు మాత్రం పై వరుసలో ఐదో గడి ఖాళీ, కింది వరుసలో ఐదో గడిలో శాతం ఉండదు. వరుస విరగకుండా ఉండటానికే పోసిక్స్ ప్రమాణంలో హైఫన్ పీ ఆప్షన్ ఉంది. 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 వచ్చినప్పుడు, నెట్‌వర్క్ వివరాలు చూపే ఐఎఫ్‌కాన్ఫిగ్ ఔట్‌పుట్‌లో 'యాడర్' అనే ముక్కా దాని పక్కన కోలనూ మాయమయ్యాయి. కోలన్ దగ్గర కోసి ఐపీ అడ్రసు తీసే స్క్రిప్టులు దెబ్బతిన్నాయి.

ఈ చిక్కు రాకుండా పవర్‌షెల్ 2006లోనే పైప్‌లో పాఠం బదులు ఆబ్జెక్టులను పంపింది. 2012లో జేక్యూ కమాండ్ వచ్చాక, విలువలను పేర్లతో సహా రాసే జేసన్‌ను విడదీయడం తేలికైంది. ఐఎఫ్‌కాన్ఫిగ్ బదులు వాడే కొత్త ఐపీ కమాండ్ కూడా అడిగితే జేసన్ ఇస్తుంది.

ఇక ఈ కమాండ్లతో తెలుగు పాఠం సంగతి. 'గోపన్‌పల్లి' కంటికి ఐదు అక్షరాలు. యూటీఎఫ్-8 లొకేల్ (భాషా సెట్టింగు)లో, లెక్కలు చెప్పే డబ్ల్యూసీ కమాండ్‌ను అక్షరాలు లెక్కపెట్టమంటే 11 అంటుంది, బైట్లయితే 33. ఆ లొకేల్ సెట్టింగు క్రాన్‌కు అందకపోతే అక్షరాలూ 33 అనే చెబుతుంది. పైగా 'న్'కూ 'ప'కూ మధ్య కనబడని జోడింపు నిరోధక గుర్తు ఒకటుంది. అది లేకుండా టైపు చేసి వెతికితే గ్రెప్ ఒక్క వరుసా చూపదు. వెతికే మాటలోంచీ, వెతికే పాఠంలోంచీ ఆ గుర్తును సెడ్‌తో ముందే తీసేయాలి. గ్రెప్ రాసిన థాంప్సనే, రాబ్ పైక్‌తో కలిసి, 1992లో యూటీఎఫ్-8నూ రూపొందించాడు.