దగ్గరివారు ఎవరు? – స్వలింగ వివాహాల చట్టబద్ధతపై ఒక వైద్యుడి పరిశీలన

ఖతార్‌లో ఉద్యోగం చేసే తెలుగువాడు భార్యను ఇక్కడికి రప్పించుకోవాలంటే ముందుగా కావలసింది వివాహ ధృవీకరణ పత్రం. దాని మీద మన విదేశాంగశాఖ ముద్ర, ఢిల్లీలోని ఖతార్ రాయబార కార్యాలయం ముద్ర, చివరికి దోహాలో విదేశాంగశాఖ ముద్ర పడాలి. పెళ్ళయి పదేళ్ళు దాటి, ఇద్దరు పిల్లలున్నవారు కూడా ఆ కాగితం కోసం ఊళ్ళో పురోహితుణ్ణి, పాత శుభలేఖను, సాక్షులను వెతుక్కుంటూ తిరగడం ఇక్కడివారికి కొత్త సంగతి కాదు. ఆచారం ప్రకారం జరిగిన పెళ్ళి నమోదు కాకపోయినా చెల్లుతుందని 1955 నాటి హిందూ వివాహ చట్టమే చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2002లో గాని రాలేదు. మన తల్లిదండ్రుల పెళ్ళికి ఊరే సాక్షి. ఊరు వెంట రాని చోటనే కాగితం అవసరమవుతుంది.

స్వలింగ వివాహాల గుర్తింపుపై జరుగుతున్న చర్చను ఈ వైపు నుంచి చూడటం మంచిదని నా అభిప్రాయం. ఆ చర్చ సాధారణంగా సంప్రదాయం, స్వేచ్ఛ అనే రెండు పెద్ద మాటల మధ్య నలిగిపోతుంది. కానీ ఊరు సాక్ష్యం చెప్పడానికి నిరాకరించిన జంటకు చట్టమిచ్చే కాగితం తప్ప మరో ఆధారం ఉండదు. ఆ కాగితం చేసే పనులేమిటో ప్రవాసులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో.

ఖతార్‌లో ఈ చర్చకు తావు లేదు. 2004 నాటి శిక్షాస్మృతి పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని జైలుశిక్షకు తగిన నేరంగా పరిగణిస్తుంది. వివాహ గుర్తింపు ప్రసక్తే రాదు. 2022 ప్రపంచకప్పు సమయంలో రంగురంగుల చేతిపట్టీ ధరిస్తే పసుపు కార్డు చూపిస్తామని ఫిఫా హెచ్చరించడం, దానికి నిరసనగా జర్మన్ ఆటగాళ్ళు ఖలీఫా స్టేడియంలో నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఫోటో దిగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కొద్ది రోజుల కోలాహలం తరువాత ఇక్కడ అంతా మామూలే. మనకు సంబంధించిన అసలు వ్యాజ్యం హైదరాబాదు నుంచి వచ్చింది.

సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదులో కలిసి జీవిస్తున్న జంట. కోవిడ్ రెండో విడతలో జబ్బుపడి కోలుకున్నాక, 2021 డిసెంబరులో బంధుమిత్రుల సమక్షంలో పెళ్ళి వేడుక జరుపుకున్నారు. దానికి చట్టరీత్యా విలువ లేదు. 2022 నవంబరులో వారు సుప్రీం కోర్టుకు వెళ్ళారు. తరువాత ఇతరుల పిటిషన్లు కూడా చేరి, వ్యాజ్యం వారి పేరుతోనే నిలిచింది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 ఏప్రిల్, మే నెలల్లో వాదనలు విని, అక్టోబరు 17న తీర్పు చెప్పింది.

కోర్టు ముందున్న ప్రశ్న ప్రధానంగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం గురించి. మతాంతర, కులాంతర జంటలు ఆశ్రయించే చట్టమిది. ఇందులో ‘పురుషుడికి 21 ఏళ్ళు, స్త్రీకి 18 ఏళ్ళు’ అన్న ఒక్క నిబంధనను సరిచేస్తే చాలదా అని పైకి అనిపిస్తుంది. చాలదు. పెళ్ళాడకూడని వరుసల జాబితాలు స్త్రీపురుషులకు వేరువేరుగా ఉన్నాయి. భార్య మాత్రమే కోరదగిన విడాకుల కారణాలున్నాయి. వారసత్వం సంగతి వ్యక్తిగత చట్టాలతో ముడిపడి ఉంది. ఒక పోగు లాగితే నేత అంతా కదులుతుంది. ఆ పని పార్లమెంటుదేనని ఐదుగురూ ఏకగ్రీవంగా తేల్చారు. వివాహమాడే హక్కు దానంతట అది ప్రాథమిక హక్కు కాదన్న విషయంలోనూ భేదాభిప్రాయం లేదు. ఈ భాగాన్ని తప్పుపట్టడం కష్టమని నేననుకుంటాను.

అభిప్రాయాలు చీలింది తరువాతి మెట్టు దగ్గర. వివాహం అనకపోయినా, కలిసి జీవించే జంటగా ఏదో ఒక చట్టపరమైన గుర్తింపు ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉందా? ఉందన్నారు నాటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్. లేదన్నారు జస్టిస్ రవీంద్ర భట్, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ, తెలుగువారైన జస్టిస్ పి. ఎస్. నరసింహ. దత్తత విషయంలోనూ ఇదే చీలిక. కలిసి బతికే స్వేచ్ఛ ఉంది, కానీ ఆ బతుకుకు హోదా కల్పించమని ప్రభుత్వాన్ని ఆదేశించలేమన్నది మెజారిటీ తర్కం. పెన్షను, ప్రావిడెంట్ ఫండ్, బీమా వంటివి వివాహంతో ముడిపడి ఉండటం వల్ల ఈ జంటలకు అన్యాయం జరుగుతోందని అదే మెజారిటీ అంగీకరించింది. అంగీకరించి, పరిశీలనకు కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేయమంది. రోగనిర్ధారణ సరిగ్గా చేసి, మందు రాయకుండా మరో విభాగానికి పంపినట్టుంది నాకు. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో కొట్టివేశారు.

వైద్యుణ్ణి గనుక నా దృష్టి ఆసుపత్రి తలుపు దగ్గరే ఆగుతుంది. స్పృహలేని రోగి తరఫున సంతకం ఎవరు చేయాలి? ‘దగ్గరివారిని పిలవండి’ అంటాం. ఆ మాటకు అర్థం ఒక్కో చట్టంలో ఒక్కోలా ఉంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టాన్నే తీసుకోండి. భార్యాభర్తలు, సంతానం, తల్లిదండ్రులు, తోబుట్టువులు, 2011 సవరణ తరువాత తాతమ్మలు, మనవలు దగ్గరి బంధువులు. మిగతావారెవరైనా మూత్రపిండం ఇవ్వాలంటే, అది అనురాగంతోనో అనుబంధంతోనో ఇస్తున్నదేనని అధికార కమిటీని ఒప్పించాలి. అవయవాల వ్యాపారాన్ని ఆపడానికి పెట్టిన నియమం కాబట్టి దాని ఉద్దేశాన్ని శంకించను. కానీ ఏళ్ళ తరబడి కలిసున్న మనిషి అపరిచితుడితో సమానంగా అదే వరుసలో నిలబడాలి. అదే నిన్న పెళ్ళయిన దంపతులైతే ఆ వరుసతో పని లేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ కూడా మన చట్టాల్లోనే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 14వ సెక్షను ప్రకారం, తన తరఫున నిర్ణయాలలో తోడుండే ప్రతినిధిగా రోగి ఏ వయోజనుడినైనా నియమించుకోవచ్చు. రక్తసంబంధం అక్కరలేదు, పెళ్ళి అక్కరలేదు. మనసుకు జబ్బు చేస్తే ఎంచుకునే హక్కు ఉంది. గుండెపోటు వస్తే లేదు! ఈ వైరుధ్యాన్ని సరిచేయడానికి వివాహ వ్యవస్థ జోలికి కూడా పోనక్కరలేదు.

2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కేంద్రం కొన్ని వివరణలిచ్చింది. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చు, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చు, రేషను కార్డులో ఇద్దరినీ ఒకే కుటుంబంగా చూడాలి. ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు రాసిన లేఖలో మరొకటుంది. దగ్గరి బంధువులెవరూ అందుబాటులో లేనప్పుడు మృతదేహాన్ని భాగస్వామి తీసుకోవచ్చు. ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. ఇది ముందడుగే. అయితే మనిషి బతికుండగా, పక్కనే నిలబడిన సహచరుడికి ఏ హోదా ఉందో అందులో లేదు. పోయాక కూడా, ఇరవై ఏళ్ళుగా మాట్లాడని అన్న వస్తే అతనిదే ముందు వరుస.

విదేశాల్లో పెళ్ళి చేసుకుంటే చాలునని అనుకునేవారుంటారు. 2015 నుంచి అమెరికా అంతటా, 2019 నుంచి తైవాన్‌లో, 2025 జనవరి నుంచి థాయ్‌లాండ్‌లో ఈ పెళ్ళిళ్ళు చెల్లుతాయి. కానీ 2017లో అమెరికాలో పెళ్ళాడిన ఒక భారతీయ జంటకు న్యూయార్క్‌లోని మన కాన్సులేట్ నమోదు నిరాకరించింది. 1969 నాటి విదేశీ వివాహ చట్టంలోనూ ఉన్నవి ‘వరుడు, వధువు’ అన్న మాటలే. డాలస్‌లో దంపతులుగా విమానమెక్కిన ఇద్దరు దోహాలో విమానం మారేటప్పటికి దంపతులు కారు. శంషాబాదులో దిగేటప్పటికి మిత్రులు.

ప్రవాసులకు ఎక్కువ సంబంధించిన తీర్పు హాంకాంగ్‌ది. ఉద్యోగిని అయిన భాగస్వామి వెంట వచ్చిన ఒక బ్రిటిష్ మహిళకు డిపెండెంట్ వీసా నిరాకరించడం చెల్లదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2018లో చెప్పింది. నిపుణులను రప్పించుకోవడమే వీసా విధానపు లక్ష్యమైతే, వారి సహచరులను బయట నిలబెట్టడం ఆ లక్ష్యానికే విరుద్ధమన్నది అందులోని ఒక వాదన. 2023లో అదే కోర్టు ప్రత్యామ్నాయ గుర్తింపు విధానాన్ని ఏర్పాటు చేయమన్నా, ఆసుపత్రి హక్కులతో ప్రభుత్వం తెచ్చిన పరిమితమైన బిల్లును 2025 సెప్టెంబరులో శాసనసభ తిరస్కరించింది. శాసనసభలకు వదిలేయడమంటే ఏమిటో మన మెజారిటీ తీర్పును సమర్థించేవారు ఇక్కడ గమనించాలి.

ఇటీవల మన హైకోర్టులు దారి కొంత సుగమం చేస్తున్నాయి. ఇద్దరు వయోజన స్త్రీలు విజయవాడలో కలిసి జీవించే హక్కును 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలబెట్టి, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదంది. కుటుంబం ఏర్పడటానికి వివాహమొక్కటే మార్గం కాదని 2025 మేలో మద్రాసు హైకోర్టు అంది.

తిరిగి హైదరాబాదులో స్థిరపడాలనుకునే జంటలు ఈలోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి: వీలునామా, ఉమ్మడి ఖాతా, బీమా నామినేషను, మానసిక ఆరోగ్య చట్టం కింద ప్రతినిధి నియామకం. చాలామంది వీటితోపాటు పవర్ ఆఫ్ అటార్నీ రాసుకుని నిశ్చింతగా ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ముగుస్తుంది. వృద్ధాప్యంలో మతిమరుపు వ్యాధి వచ్చిన రోగి పక్కన ఆ కాగితం పట్టుకుని నిలబడిన సహచరుడికి, దాని అవసరం పడిన రోజే దాని గడువు తీరిపోతుంది.