కారుకు మెరుగు: గుడ్డకు రంగు అంటలేదని అరగనట్లు కాదు

కాణిపాకంలో వరసిద్ధి వినాయకుని గుడి దగ్గర, తిరుపతిలో అలిపిరి పాదాల మండపం దగ్గర కొత్త బండ్లకు పూజలు చేయించుకునేవారు ఎప్పుడూ కనిపిస్తూనే వుంటారు. గంధం, పసుపు, కుంకుమ పెట్టిన ఆ కొత్త కారు అద్దంలా మెరుస్తూ వుంటుంది. రెండేళ్ళు తిరిగేసరికి అదే కారు బానెట్ మీద ఎండ పడితే సాలెగూడు అల్లినట్లు సన్నని గీతలు గుండ్రంగా తేలి కనిపిస్తాయి. యాత్రికులను కొండకు తిప్పే టాక్సీలయితే ఇంకా ముందే ఆ స్థితికి వస్తాయి.

ఈ గీతలు పోగొట్టి కారుకు మళ్ళీ కొత్త కళ తెచ్చే పని నేర్చుకుని, సొంతంగా నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని చూసే కుర్రాళ్ళు ఊళ్ళలో వున్నారు. మెరుగు పట్టే మెషిన్ కొనడం పెద్ద కష్టం కాదు. వారం రోజుల్లో చేయి కూడా కుదురుతుంది. కాని ఇందులో ఒక చిక్కు వుంది. మెరుగు అంటే కారుకు ఏదో పూసి మెరిపించడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వున్న పొరను కొంచెం అరగదీయడం. గీత లోతు ఎంత వుందో దాని చుట్టూ వున్న పొరనంతా అంత మట్టానికి దించితే గీత మాయమవుతుంది. అంతేగాని గీత పూడిపోదు.

రోల్డుగోల్డు గాజు తోమిన ఆడవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఇత్తడి చెంబును చింతపండు పెట్టి ఎంత తోమినా ఇత్తడే కనిపిస్తుంది. రోల్డుగోల్డు గాజును అలాగే తోమితే కొన్నాళ్ళకు లోపలి రాగి బయటపడుతుంది. కారు రంగు రెండో రకం.

ఇప్పటి కారు రేకు మీద వుండే పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అడుగున తుప్పు పట్టకుండా వేసే పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని వార్నిష్ వంటి పొర. దీన్నే క్లియర్ కోటు అంటారు. మెరుపంతా దానిదే. ఎండ దెబ్బను ఆపే మందు కూడా అందులోనే వుంటుంది. దీని మందం 35 నుంచి 50 మైక్రాన్లు. మనిషి తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా వుంటుందంటే, మెషిన్ పట్టుకున్నవాడి చేతిలో వున్నది వెంట్రుకలో సగం పైచిలుకు మాత్రమే.

పాత గుర్తు పనికిరాదు

అంబాసిడర్, ఫియట్ కార్ల కాలంలో టింకరింగ్ షెడ్లలో పెయింటర్లు నీటి కాగితం పట్టి, రబ్బింగ్ కాంపౌండ్ రాసి, చేత్తోనే మెరుగు పెట్టేవారు. ఆ కార్లకు వేసే రంగులో మెరుపు రంగుతోనే కలిసి వుండేది. పైన వేరే పొర వుండేది కాదు. నల్ల కారు రుద్దితే గుడ్డకు నల్లగా, ఆకుపచ్చ కారు రుద్దితే ఆకుపచ్చగా అంటేది. గుడ్డ ముదురు రంగుకు తిరిగిందంటే ఇక చాలించమని అర్థం. ఎంత అరిగిందో గుడ్డే చెప్పేది. పెద్ద పెయింటర్ల దగ్గర పని నేర్చినవారంతా ఈ గుర్తు మీదే నేర్చారు.

1983 డిసెంబరులో మారుతి కారు వచ్చింది. ఆ తరువాత మెల్లమెల్లగా మెటాలిక్ రంగులు, వాటిపైన క్లియర్ కోటు మామూలయ్యాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు ఎర్ర కారు రుద్దినా, నీలం కారు రుద్దినా గుడ్డ మీద కాంపౌండ్ తెలుపు తప్ప మరేమీ కనిపించదు. గుడ్డకు రంగు అంటలేదు గదా, ఏమీ అరగలేదని కొత్తవాడు ధైర్యంగా ఇంకో రెండు చుట్లు తిప్పుతాడు. గుడ్డకు రంగు అంటే వేళకు క్లియర్ కోటు పూర్తిగా పోయి వుంటుంది. అప్పుడు ఆపినా లాభం లేదు.

అన్ని బండ్లూ ఒకటే అనుకోవడానికీ లేదు. కొన్ని తెల్ల బండ్లకు పాత పద్ధతి రంగే వేసి వుంటుంది. టాక్సీలలో తెల్లవే ఎక్కువ గనుక ఇది తెలుసుకోవాలి. తలుపు లోపలి అంచున కనిపించని చోట కొంచెం కాంపౌండ్ రుద్ది చూస్తే తెలుస్తుంది. అయితే తెల్ల బండి మీద తెల్ల కాంపౌండ్‌తో చేసే పరీక్ష మోసం చేస్తుంది. రంగున్న కాంపౌండ్ తీసుకోవాలి.

ఇందులో మరీ అన్యాయం ఏమిటంటే నష్టం ఆ రోజు కనిపించదు. క్లియర్ కోటు సగం పోయిన బానెట్ కూడా ఆ సాయంత్రం తళతళలాడుతుంది. డబ్బు ఇచ్చినవాడు సంతోషంగా ఇస్తాడు, తీసుకున్నవాడు సంతోషంగా తీసుకుంటాడు. తిరుపతి, చిత్తూరు ఎండలు 40 డిగ్రీలు దాటే చోట ఆ బండి రెండు మూడు వేసవులు బయట నిలబడ్డాక బానెట్ మీద, టాప్ మీద పాలిపోయిన మచ్చలు వచ్చి, ఉల్లిపొట్టు లేచినట్లు పొర లేస్తుంది. దానికి మళ్ళీ రంగు వేయించడం తప్ప మందు లేదు. కిస్తులు కట్టుకుంటూ టాక్సీ నడుపుకునేవాడికి ఆ ఖర్చు ఒకటి, రంగు వేయించిన బండికి అమ్మకంలో ధర తగ్గడం ఒకటి.

రాయి వేరు, రంగు వేరు

చిత్తూరు, కుప్పం వైపు గ్రానైటు ఫ్యాక్టరీలలో పనిచేసిన కుర్రాళ్ళకు పాలిష్ కొత్త కాదు. గరుకు బిళ్ళతో మొదలుపెట్టి క్రమంగా నున్నటి బిళ్ళకు రావడం వారికి వెన్నతో పెట్టిన విద్య. ఆ అలవాటే కారు దగ్గర ముంచుతుంది. రెండు సెంటీమీటర్ల మందం పలకలో కొంత పోతే ఎవరూ అడగరు. కారు దగ్గర మొదట అన్నిటికన్నా మెత్తని స్పాంజి ప్యాడు, సన్నని పాలిష్‌తో ఒక జానెడు చోట చేసి చూడాలి. దానితో గీతలు పోతే అంతటితో సరి. పోకపోతేనే ఒక మెట్టు గరుకుకు వెళ్ళాలి. ఉన్ని ప్యాడు చివరి మాట.

రాళ్ళు, ఇనుము కోసే చేతి గ్రైండరుకు స్పాంజి బిగించి కారు మీద పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. అది నిమిషానికి పదివేల చుట్లు పైన తిరుగుతుంది. కారుకు పట్టే రోటరీ మెషిన్ వేయి నుంచి మూడు వేల చుట్ల లోపు తిరుగుతుంది. అదే చాలా వేడి పుట్టిస్తుంది. కొత్తవాడికి మంచిది డ్యూయల్ యాక్షన్ మెషిన్. దీని ప్యాడు తన చుట్టూ తాను తిరుగుతూ పక్కకు కూడా ఊగుతుంది. ఎక్కువ అదిమితే తిరగడం మానేస్తుంది గాని రంగును కాల్చదు. ప్యాడు బిగించే చక్రం అంచు మీద పెన్నుతో ఒక గీత గీస్తే అది తిరుగుతున్నదీ లేనిదీ కంటికి తెలుస్తుంది. అయినా అంచుల దగ్గర దీన్నీ నమ్మరాదు.

పాత బానెట్ మీద నేర్చుకోవాలి

పాత ఇనుము అంగడిలో రంగు బాగున్న బానెట్ ఒకటి తెచ్చుకుని దాని మీదే చేయి తిప్పుకోవాలి. చేతనయినంత మటుకు ఒక మూలను కావాలనే తూట్లు పడేదాకా అరగదీసి చూడటం మంచిది. ఎంతసేపట్లో పోతుందో కంటితో చూసినవాడు కారు మీద తొందరపడడు.

బండిని ముందు బాగా కడగాలి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా ప్యాడు కింద పడి కొత్త గీతలు గీస్తుంది. ప్యాడు నేలమీద పడితే కడిగి ఆరనిచ్చేదాకా ముట్టకూడదు. పని నీడలో, రేకు చల్లగా వున్నప్పుడు చేయాలి. తలుపుల అంచులు, బానెట్ మీది మడత గీతల దగ్గర పొర పలుచగా వుంటుంది గనుక టేపు అంటించాలి. ఒకటిన్నర అడుగు చదరం చోటు తీసుకుని, ప్యాడు మీద శనగగింజంత చుక్కలు మూడు నాలుగు పెట్టి, ప్యాడును రేకుకు ఆనించిన తరువాతే స్విచ్ వేయాలి. గాలిలో వేస్తే కాంపౌండ్ అంతా చొక్కా మీదికి వస్తుంది. మొదట తక్కువ స్పీడులో పరచి, తరువాత స్పీడు పెంచి, నాగలి సాలు మీద సాలు సగం పడేటట్లు ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా నెమ్మదిగా నడపాలి. నాలుగైదు సార్లు అయ్యాక మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, లైటు వేసి చూడాలి. మధ్యమధ్య వెనుక చేయి ఆనించి చూస్తూ వుండాలి. చేయి పెట్టలేనంత వేడయితే ఆపవలసిందే. బంపర్లు ప్లాస్టిక్‌వి. వాటిలో వేడి పాకిపోదు, నిలిచిన చోటే నిలిచి రంగును ఉబ్బిస్తుంది.

గీత మీద గోరు అడ్డంగా లాగితే తట్టుకుంటే ఆ గీత మెరుగుతో పోదు. పోగొడతామని మాట ఇవ్వకూడదు. గుద్దుకుని మళ్ళీ రంగు వేయించిన తలుపు అయితే మందం ఎంతో పైకి తెలియదు. మందం కొలిచే మీటరు వుంటే ఇనుప రేకు మీద లెక్క తెలుస్తుంది. మామూలు మీటరు ప్లాస్టిక్ మీద పనిచేయదు.

ఇంతకూ ఈ గీతలు ఎక్కడివంటే చాలావరకు తుడవడంలోనే వస్తున్నాయి. తెల్లవారి లేవగానే దుమ్ము మీద పొడి గుడ్డ వేసి రుద్దడం డ్రయివర్లకు అలవాటు. పూజనాటి కుంకుమ, గంధం ఎండిపోయాక పొడిగుడ్డతో గీకడం మరొకటి. ముందు నీళ్ళు పోసి నాననిచ్చి తరువాత తుడిస్తే సగం గీతలు పడవు. బోరు నీళ్ళు ఉప్పగా వున్న ఊళ్ళలో కడిగిన వెంటనే ఆరబెట్టకపోతే తెల్ల మచ్చలు పడతాయి. మెరుగు అయిన తరువాత వాక్సు పూయడం కూడా అందుకే.

పని ముగించాక ఏ తేదీన, ఏ ఏ భాగాలకు, ఏ ప్యాడుతో మెరుగు పట్టారో ఒక చీటీ మీద రాసి ఆర్.సి., ఇన్సూరెన్సు కాగితాల సంచిలో పెట్టడం మంచి పద్ధతి. రేపు ఆ బండి మరొకరి చేతికి వెళ్ళినా, మరొక కుర్రాడు దాని మీద మెషిన్ పెట్టబోయినా ఇంకా ఎంత పొర మిగిలి వుంటుందో అంచనా వేసుకోవడానికి ఆ చీటీ తోడ్పడుతుంది.