వార్తల్లో పదం: పీపీపీ

పీపీపీ అంటే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఈ పద్ధతికి ఆమోదం తెలిపిన 10 వైద్య కళాశాలల్లో పాలకొల్లుదీ ఒకటి. ఆస్తి ప్రభుత్వానిదేననీ, ఖజానాలో డబ్బు లేక పని ఆగిపోవడం కన్నా ఇదే మేలనీ సమర్థకులంటారు. డబ్బు కొరత నిజమే. అయినా రాజమండ్రి, ఏలూరు కళాశాలల్ని 2023లో ప్రభుత్వమే తెరిచింది. పైగా అమ్మకుండానే పెత్తనం చేతులు మారుతుంది. పాసుపుస్తకం ఎవరి పేరున ఉన్నా చేలో ఏం వేయాలో తేల్చేది కౌలుదారేనని ఈ గోదావరి డెల్టాలో అందరికీ తెలుసు. కళాశాల లీజు 33 ఏళ్లు, అంటే ఆరేడు శాసనసభల కాలం. అన్నాళ్లూ ఫీజులు, ఉచిత పడకల లెక్క ఓటరు చేతిలో కాక ఒప్పందంలో ఉంటాయి. ఆ ఒప్పందాన్ని సంతకానికి ముందే, తెలుగులో, పూర్తిగా జనం ముందు పెట్టాలి.