సీసా మూత తీయకుండానే

ఇథనాల్, మిథనాల్ రెండూ చూడటానికి నీళ్లలాగే ఉంటాయి. వాసనలోనూ పెద్ద తేడా తెలియదు. మొదటిది మత్తెక్కిస్తుంది. రెండోదాన్ని మాత్రం కాలేయం ముందు ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, మోతాదు మించితే ప్రాణమే తీస్తుంది. లక్షణాలు చాలా గంటలు గడిచాక గానీ బయటపడవు కాబట్టి, తాగినవాడు మామూలు మత్తేననుకుని పడుకుంటాడు. 2012 సెప్టెంబరులో చెక్ రిపబ్లిక్‌లో కల్తీ మద్యానికి పదుల మంది బలయ్యారు. ఏ సీసాలో విషముందో తేలక ప్రభుత్వం 20 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న మద్యం అమ్మకాలన్నీ ఆపేసింది.

ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రఫీ ఈ సంగతి కచ్చితంగా తేల్చేస్తుంది. అయితే మూత తీసి, నమూనా పట్టి, పంపి, ఫలితం కోసం ఎదురుచూడాలి. సీసాను కదపకుండా చూసే దారి 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో దొరికింది. సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ గమనించింది ఇదీ: ఒకే రంగు కాంతిని ద్రవం మీదికి పంపితే, చెదిరి వచ్చేదాంట్లో అతి కొద్ది భాగం రంగు మారి వస్తుంది. ఎంత మారేదీ అణువులోని బంధాల కంపనాన్ని బట్టి ఉంటుంది. ఆ మార్పును సెంటీమీటరుకు ఎన్ని తరంగాలన్న లెక్కలో కొలిచినప్పుడు ఇథనాల్ బలమైన గీత 880 దగ్గర పడితే, మిథనాల్‌ది 1030 దాటాక పడుతుంది. విస్కీలో సగానికి పైగా నీళ్లే. పరారుణ కాంతితో పరీక్షించే పద్ధతికి ఆ నీళ్లే పెద్ద అడ్డు. రామన్ పద్ధతిలో నీటి సంకేతం బలహీనం కాబట్టి ఆ బెడద లేదు.

బెడదల్లా గాజుతోనే. రంగు సీసా మీద లేజర్ వేస్తే గాజు వెలుగే లోపలి ద్రవం సంకేతాన్ని మింగేస్తుంది. 2005లో ఇంగ్లండ్‌లోని రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలలో పావెల్ మటౌసెక్ బృందం దీనికి విరుగుడు కనిపెట్టింది. లేజర్ పడిన చోటి కాంతితో పాటు, కొన్ని మిల్లీమీటర్లు పక్కనుంచి వచ్చే కాంతినీ పట్టారు. పడిన చోట గాజు సంకేతం ఎక్కువ, పక్కకు జరిగేకొద్దీ లోపలి ద్రవానిది ఎక్కువ. మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తగిన పాళ్లలో తీసేస్తే ద్రవం ఒక్కటే మిగులుతుంది. ఇంత తేలికైన ఉపాయం రామన్ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా ఎవరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇది ముందు విమానాశ్రయాలకెక్కింది, ప్రయాణికుల సీసాల్లో పేలుడు ద్రవాలున్నాయేమో చూడటానికి. 2017లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే పద్ధతితో పనిచేసే, చేత్తో పట్టుకునే పరికరాన్ని మద్యం సీసాల మీద ప్రయోగించారు. మూత తీయకుండానే, మనిషి తట్టుకోగల పరిమితికన్నా బాగా తక్కువ మిథనాల్‌ను కూడా అది పట్టేసింది.

మన దగ్గర చావులు తెచ్చేది ఖరీదైన సీసా కాదు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది ప్యాకెట్లలో అమ్మిన నాటుసారా తాగి. ఆ సారా ఏ దుకాణం కౌంటరు మీదికీ రాదు, ఏ స్కానర్ ముందూ నిలబడదు. అందులో కలిసే మిథనాల్‌ను మాత్రం ముందే పట్టుకోవచ్చు: లోహపు డబ్బా అయితే లేజర్ దాటలేదు గానీ, ప్లాస్టిక్ డ్రమ్మును దాటి చూడగలదు. కాబట్టి ఈ పరికరం కొనేటట్టయితే ముందు కొనాల్సింది బార్ల కోసం కాదు, పారిశ్రామిక మిథనాల్ చేతులు మారే గోదాముల కోసం, ఎక్సైజ్ చెక్‌పోస్టుల కోసం.