వడదెబ్బ: తొలి అరగంట మీ చేతుల్లోనే ఉంది

మా ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల్లో ఎండ ముదిరేకొద్దీ పని కూడా ముదురుతుంది. పట్నవాసులు మధ్యాహ్నం కాగానే తలుపులు వేసుకుని ఫ్యాను కింద కూర్చునే రోజుల్లోనే ఇక్కడ చివరి మిరపకోతలు సాగుతాయి. ఖమ్మం మార్కెట్ యార్డులో హమాలీలు మిర్చి బస్తాలు మోస్తుంటారు. మణుగూరు, కొత్తగూడెం వైపు ఓపెన్ కాస్ట్ గనుల్లో నల్లటి బొగ్గు నేల నిప్పుల కొలిమిలా ఉంటుంది. అడవిలో ముందు ఇప్పపువ్వు, దాని వెనుకే తునికాకు. ఏప్రిల్, మే నెలల్లో చర్ల, దుమ్ముగూడెం నుంచి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా కుటుంబాలకు కుటుంబాలే తెల్లవారకముందే లేచి ఆకు కోతకు బయలుదేరతాయి. కట్టకు ఇంత అని కూలి కాబట్టి, ఇంకో పది కట్టలు అనుకుంటూ ఎండెక్కినా ఆగరు.

ఇదంతా పల్లెవారి సంగతి, మాకెందుకు అంటారా? మీ ఇంటి స్లాబు వేస్తున్న మేస్త్రీ, గోడలకు సున్నం కొట్టే కుర్రాడు, గ్యాసు బండలు మోసుకొచ్చే మనిషి, పొలం చూసి వస్తానని మిట్టమధ్యాహ్నం మోటారు సైకిలెక్కే మీ నాన్నగారు - వీరందరూ ఎండలో పనిచేసేవారే. వారిలో ఎవరైనా మీ గుమ్మం ముందే పడిపోవచ్చు.

2003 మే నెలలో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు 1,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 2,000 మంది పోయారు. ఎండను మనం ఆపలేము. కాని మనిషి పడిపోయిన తరువాత మొదటి అరగంటలో ఏం చేయాలో తెలిసినవారు పక్కన ఉంటే ఇటువంటి మరణాల్లో చాలా భాగం తప్పించవచ్చు. ఈ వారం చెప్పదలచుకున్నది ఆ అరగంట గురించే.

ఒళ్లు ఎందుకు కాగుతుంది?

మనం తిన్న తిండి నుంచి కండరాలు తీసుకునే శక్తిలో పనికి ఉపయోగపడేది దాదాపు నాలుగో వంతు మాత్రమే. మిగిలిన మూడు వంతులూ వేడిగా మారుతుంది. అంటే బస్తా మోసే మనిషికి ఎండ వేడి బయటి నుంచి, పని వేడి లోపలి నుంచి - రెండూ కలుస్తాయి. గాలి మన చర్మం కంటే చల్లగా ఉన్నప్పుడు ఆ వేడి కొంత గాలిలోకి పోతుంది. బయట 42 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. ఇక మిగిలింది చెమట ఒక్కటే. చెమట ఆరిపోతూ వేడిని తీసుకుపోతుంది. గోదావరి ఒడ్డున, వాన మబ్బు కమ్మిన ఉక్కపోత రోజున చెమట కారిపోతుందే గాని ఆరదు. అందుకే మబ్బు పట్టిన రోజున కూడా వడదెబ్బ తగులుతుంది.

ఎండలో గట్టి పని చేసేవాడు గంటకు ఒక లీటరు చెమట ఓడ్చడం మామూలే. దానితో ఉప్పు కూడా పోతుంది.

మూడు మెట్లు

మొదటి మెట్టు: పిక్కలు, తొడలు, పొట్ట కండరాలు పట్టేస్తాయి. ఇది పనిలోనే కాక, రాత్రి ఇంటికి వచ్చి పడుకున్నాక కూడా రావచ్చు. నీడలో కూర్చోబెట్టి, కండరాన్ని మెల్లగా సాగదీసి, ఉప్పు వేసిన మజ్జిగ గాని ఓ.ఆర్.ఎస్. నీళ్లు గాని ఇస్తే తగ్గుతుంది.

రెండవ మెట్టు: విపరీతమైన నీరసం, తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వాంతి. ఒళ్లంతా చెమట పట్టి చర్మం చల్లగా, జిగటగా ఉంటుంది. నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది. అయితే మనిషి తెలివిలోనే ఉంటాడు, అడిగినదానికి సరిగ్గా జవాబు చెబుతాడు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, కాళ్లు కొద్దిగా ఎత్తుగా పెట్టి, ఒళ్లు తడిపి విసరండి. కొద్దికొద్దిగా తాగించండి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మూడవ మెట్టు: అసలు వడదెబ్బ. లోపలి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. మెదడు దెబ్బ తినడం మొదలవుతుంది. మాట తడబడుతుంది, ఏదేదో మాట్లాడతాడు, చిరాకు పడతాడు, కొట్టడానికి వస్తాడు, తూలుతాడు, ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది.

ఇక్కడ ఒక పాత నమ్మకాన్ని సరిచేయాలి. వడదెబ్బ తగిలినవారికి చెమట ఆగిపోయి చర్మం పొడిబారుతుందని మనలో చాలామంది విన్నాం. ఇంట్లోనే ఉండి వేడికి బలయ్యే ముసలివారిలో అది తరచుగా నిజం. కాని పని చేస్తూ పడిపోయినవాడి ఒళ్లు చెమటతో తడిసి ముద్దయి ఉండవచ్చు. ‘చెమట పోస్తోంది కదా, ఫరవాలేదు’ అనుకోకండి. చెమటను చూడకండి, మాటను చూడండి. పేరేమిటి, ఊరేమిటి, ఇవాళ ఏం వారం అని అడగండి. జవాబు తప్పితే మూడవ మెట్టు వచ్చేసినట్టే లెక్క.

థర్మామీటరు చంకలో పెట్టి ‘101 డిగ్రీలే ఉంది’ అని నిదానించకండి. చంకలో చూసిన వేడి లోపలి వేడి కంటే బాగా తక్కువగా కనబడవచ్చు.

జ్వరమా, తాగుడా, గాలి సోకిందా?

మా ఏజెన్సీలో ఇంకొక చిక్కు ఉంది. ఇక్కడ మలేరియా ఎక్కువగా ఉంటూ వచ్చింది కాబట్టి, ఒళ్లు కాలుతూ మనిషి పిచ్చిమాటలు మాట్లాడితే ‘చలిజ్వరం’ అనేస్తారు. కొన్నేళ్ల క్రితం ఒక మే నెలలో తునికాకు కల్లం నుంచి ముప్పై అయిదేళ్ల మనిషిని ట్రాక్టరు మీద తెచ్చారు. పైన రెండు దుప్పట్లు కప్పి ఉన్నాయి. ‘‘వణుకుతున్నడు సారూ, చలిజెరం బట్టింది. ఏందేందో మాట్లాడుతున్నడు’’ అన్నాడు వాళ్ల అన్న. దుప్పట్లు లాగేసి, మంచం ఆరుబయట చెట్టు కిందికి జరిపించి బకెట్లకొద్దీ నీళ్లు పోయించాం. రక్తపరీక్షలో మలేరియా లేదు. మనిషి బతికాడు. కాని మూత్రపిండాలు కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. దుప్పట్ల కింద గడిచిన గంటన్నర చేసిన నష్టం అది.

మెదడుకు సోకిన మలేరియా, వడదెబ్బ చూడటానికి ఒకేలా ఉండవచ్చు. కాబట్టి రక్తపరీక్ష తప్పక చేయించాలి. ఆ పరీక్ష కోసం చల్లబరచడం మాత్రం ఆపకూడదు. మలేరియా అయినా ఒళ్లు తడపడం వల్ల ప్రాణానికి ముప్పు లేదు. వడదెబ్బ అయి తడపకపోతే ముప్పే.

మరికొన్నిచోట్ల తూలుతున్నవాణ్ని చూసి ‘ఇప్పసారా తాగాడు, పడుకుంటే దిగుతుంది’ అని వదిలేస్తారు. ఇంకొన్నిచోట్ల గాలి సోకిందని విభూతి పెడతారు. విభూతి పెట్టుకోండి, అభ్యంతరం లేదు. కాని బిందెడు నీళ్లు పోశాక పెట్టండి.

ముందు చల్లబరచండి, తరువాత తరలించండి

1. వెంటనే నీడలోకి చేర్చండి. ఒకరు 108కి ఫోను చేయండి. సిగ్నలు లేకపోతే ఒకరిని పరుగెత్తించండి. మిగిలినవారు కదలవద్దు.

2. చొక్కా, తలపాగా, చెప్పులు తీసేయండి. ఆడవారైతే పలుచని బట్ట ఒక్కటి ఉంచి దాని మీదనే నీళ్లు పోయండి. సిగ్గు కోసం ఆలస్యం చేయకండి.

3. తల నుంచి పాదాల దాకా నీళ్లు పోస్తూనే ఉండండి. బోరు నీళ్లయినా, కుండ నీళ్లయినా, వాగు నీళ్లయినా సరే. తడి ఒంటి మీద చీర కొంగుతో, అట్టముక్కతో, ఏది దొరికితే దానితో గట్టిగా విసరండి. పొడి ఒంటి మీద వడగాలి విసిరితే లాభం లేదు. తడి మీద విసరడమే మందు.

4. పశువుల తొట్టి, నీళ్లు నింపిన బరకం, లోతు లేని వాగు ఉంటే మెడ వరకు ముంచి ఉంచడం అన్నిటికన్నా మేలు. ఒక మనిషి తలను రెండు చేతులతో పట్టుకుని నీటిపైనే ఉంచాలి. లోతు నీటిలో దింపకండి.

5. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టండి. దాని కోసం నీళ్లు పోయడం ఆపకండి.

6. వాంతి చేసుకున్నా, ఫిట్స్ వచ్చినా పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

‘కాగిన ఒంటి మీద చన్నీళ్లు పోస్తే సన్నిపాతం వస్తుంది’ అని పెద్దవాళ్లు అడ్డుపడతారు. ఆ భయం వద్దు. అమెరికాలో ఫాల్మౌత్ అనే ఊళ్లో ఏటా వేసవిలో పరుగు పందెం జరుగుతుంది. అక్కడ 18 ఏళ్ల రికార్డులో వడదెబ్బ తగిలిన 274 మందిని అక్కడికక్కడే చల్లటి నీళ్ల తొట్టిలో ముంచారు. ఒక్కరు కూడా చనిపోలేదు. వారికి ఉన్నది ఐసు తొట్టి, మనకు ఉన్నది బోరు నీళ్లు. అయినా సూత్రం ఒక్కటే: అరగంటలోపు ఒంటి వేడి దిగాలి. మాట తెలివిగా వచ్చి, మనిషి వణకడం మొదలుపెట్టాక ఆపవచ్చు. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిందే. దారిలో కూడా ఒళ్లు తడిగా ఉంచండి, బండి కిటికీలు తెరిచి పెట్టండి.

ఇవి చేయకండి

స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు, నిమ్మరసం, ఏదీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారాసిటమాల్ బిళ్లలు ఈ వేడిని దించవు. ఇది సూక్ష్మక్రిముల వల్ల వచ్చిన జ్వరం కాదు. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ వంటి నొప్పి ఇంజెక్షన్లు వేయించకండి. నీరు ఇంకిపోయిన ఒంటిలో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదనే మాట మన వైపు ఉంది. ఉల్లిపాయ వల్ల హాని లేదు, కాని అది జేబులో ఉందన్న ధైర్యంతో రెండు గంటలు ఎక్కువ పని చేయడం వల్ల హాని ఉంది.

ఇంటికి వచ్చాక కూడా గమనించండి

పని ముగించి వచ్చినవారి మూత్రం రంగు అడగండి. ముదురు పసుపు అయితే నీళ్లు చాలలేదని అర్థం. కాఫీ డికాషను రంగులో ఉంటే కండరాలు దెబ్బతిని మూత్రపిండాలకు ప్రమాదం వచ్చిందన్నమాట. తెల్లవారేదాకా ఆగకండి. ఒకసారి అసలు వడదెబ్బ తిన్నవారు ఆసుపత్రి నుంచి వచ్చాక కనీసం వారం రోజులు ఎండ పనికి పోరాదు. ఆ తరువాతయినా డాక్టరుగారు సరే అన్నాకనే వెళ్లాలి.

రాకుండా ఉండాలంటే

దాహం వేసేదాకా ఆగవద్దు. ప్రతి ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి మంచివి. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న చెంచాతో, తలగొట్టి కొలవాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులను కాపాడినది ఇటువంటి ఉప్పు, చక్కెర నీళ్లతోనే. కల్లు, సారా నీళ్ల కింద లెక్క కాదు.

కొత్తవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అంచేత మొదటి రోజు పూర్తి పనిలో అయిదో వంతు మాత్రమే చేయించి, రోజుకు మరో అయిదో వంతు చొప్పున పెంచండి. సెలవుల్లో కాలేజీ నుంచి వచ్చి ఆకు కోతకు పోయే కుర్రవాడు, పది రోజులు జ్వరపడి లేచినవాడు కూడా కొత్తవారి కిందే లెక్క. విరేచనాలవుతున్నవారు, గర్భిణులు, రక్తపోటుకు నీరు తీసే బిళ్లలు వాడేవారు, మానసిక వ్యాధులకు మందులు వాడేవారు ఎండ పనికి ముందు డాక్టరును అడగాలి. తమంతట తాము మందులు మానేయరాదు.

ఒంటరిగా ఎవరినీ పంపకండి. జతగా వెళ్లి, ఒకరినొకరు మాట్లాడిస్తూ ఉండాలి. తన మాట తడబడుతోందని తడబడేవాడికి తెలియదు, పక్కవాడికే తెలుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అటువంటి మరణం సంభవిస్తే తహశీల్దారుకు తెలియజేయండి. కాని ఆ అవసరం రాకుండా చూడటమే మన పని. ఈ వేసవిలో మీరు ఎవరినైనా ఎండ పనికి పిలిస్తే, కూలి మాట్లాడుకునేటప్పుడే నీళ్లు ఎక్కడ, నీడ ఎక్కడ, ఎన్ని గంటలకు పని ఆపాలి అన్నవి కూడా మాట్లాడుకోండి. నీడలో నిండు డ్రమ్ము నీళ్లు, ఒక చెంబు పెట్టించండి. తాగడానికే కాదు, అవసరమైతే పోయడానికి.